పాప చేతి మీద కాలిన మచ్చ: కోయకుండా లైట్‌తో స్కాన్ చేసి ఏ స్టేజ్‌లో ఉందో చెప్తారంట, ఎవరికైనా తెలుసా?

తెనాలి_అమ్మ

అందరికీ నమస్తే అండి. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా పాపకి ఆరేళ్ళు. పోయిన కార్తీకమాసంలో పొద్దున్నే తలస్నానాలకి బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టి కాగబెట్టాను, రాడ్ తీసి పక్కన పెట్టి చెంబు కోసం అటు తిరిగానో లేదో పాప బకెట్ అంచు పట్టుకుని లాగేసింది. కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా, ఛాతీ మీద అరచేతంత. ఆసుపత్రిలో 24 రోజులు ఉన్నాం. ఛాతీ మీది రెండు వారాలు తిరక్కుండానే మానిపోయింది, ఇప్పుడు అక్కడ రంగు తేడా తప్ప ఏం లేదు. చేతికి మాత్రం తొడ నుంచి చర్మం తీసి వేశారు.

ఇప్పటికి 8 నెలలు దాటింది. చర్మం వేసిన చోట జల్లెడ గళ్ళలాగా కనిపిస్తుంది, దాని చుట్టూ అంచులు ఉబ్బి తాడులాగా గట్టిగా ఉన్నాయి. రాత్రిపూట దురద. స్నానం చేయించేటప్పుడు గానీ ఏడ్చినప్పుడు గానీ నేరేడుపండు రంగులోకి వచ్చేస్తుంది, కాసేపటికి మళ్ళీ మామూలు గోధుమరంగు. ప్రెషర్ గార్మెంట్ (మచ్చని నొక్కి ఉంచే బిగుతు తొడుగు) వేస్తున్నాం, సిలికాన్ షీట్ కూడా.

సమస్య ఏంటంటే బర్న్స్ ఓపీలో డాక్టర్ గారు మచ్చ ఇంకా యాక్టివ్‌గా ఉందమ్మా, గార్మెంట్ తీయొద్దు అన్నారు. మా ఆడపడుచు బలవంతం మీద ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్తే వాళ్ళు ఒక నిమిషం చూసి మచ్చ సెటిల్ అయిపోయింది, ఎరుపు లేదు కదా, గార్మెంట్ ఆపేయండి, లేజర్ ఆరు సిట్టింగ్‌ల ప్యాకేజీ చేద్దాం అన్నారు. ఇద్దరూ కంటితోనే చూశారు, ఇద్దరూ వేరే వేరే చెప్పారు. నాకు నిద్ర పట్టట్లేదు.

మా చిన్నాన్న కొడుకు అమెరికాలో ఉంటాడు, వాడు అన్నాడు అక్కా ఇప్పుడు ముక్క కోసి టెస్ట్‌కి పంపక్కర్లేకుండా లైట్‌తోనే మచ్చ లోపల చూసే స్కాన్‌లు వచ్చాయి, కంటికి తీసే ఓసీటీ లాంటిదే చర్మానికీ ఉంది అని. మా మామగారికి షుగర్ వల్ల కంటికి ఓసీటీ తీశారు, గడ్డం ఆనించి కూర్చోవడమే, సూది లేదు మందు లేదు. అలాంటిదే అయితే పాపకి చేయించాలని ఉంది. నొప్పి ఉంటుందా? ఎక్స్‌రే లాగా రేడియేషనా? మన రంగు చర్మానికి పనిచేస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

---

బర్న్స్_ఫిజియో_వైజాగ్

అక్కా, ముందు ఒక మాట, బకెట్ విషయం తల్చుకుని మిమ్మల్ని మీరు నిందించుకోకండి, చలికాలం వస్తే మా వార్డులో సగం పిల్లలు వేడినీళ్ళ కేసులే.

మీరు రాసిన దాంట్లోనే నాకు సగం జవాబు కనిపించింది. ఏడిస్తే నేరేడురంగు వస్తోంది అన్నారు చూడండి, అది చాలా ముఖ్యమైన విషయం, ఓపీలో తప్పకుండా చెప్పండి. లోపల రక్తనాళాలు ఎక్కువగా ఉన్నాయని అర్థం. ఉబ్బుగా ఉంది, గట్టిగా ఉంది, దురద ఉంది, రంగు మారుతోంది, ఇవన్నీ ఉన్న మచ్చని నేనైతే సెటిల్ అయింది అనను. కాలిన మచ్చ పూర్తిగా మెత్తబడి చల్లబడడానికి ఏడాది నుంచి రెండేళ్ళు పడుతుంది, 8 నెలలంటే ఇంకా మధ్యలోనే ఉన్నాం. ఛాతీ మీది ఎందుకు బాగైపోయిందంటే రెండు వారాల్లోపు మానిన చోట ఉబ్బు మచ్చ వచ్చే అవకాశం తక్కువ, మూడు వారాలు దాటితేనే భయం.

మేం ఓపీలో వాడేది వాంకూవర్ స్కార్ స్కేల్ అని, 1990 నుంచి ఉంది. రంగుకి, ఎరుపుకి, మెత్తదనానికి, ఎత్తుకి విడివిడిగా మార్కులు వేసి కలుపుతాం, మొత్తం 13. ఎంత తక్కువొస్తే అంత మంచిది. మంచి స్కేలే, ఖర్చు లేదు, కానీ నేను 6 వేసిన మచ్చకి నా కొలీగ్ 8 వేస్తుంది. ఇంకో పెద్ద ఇబ్బంది ఏంటంటే అందులో ఎరుపు అంటే పింక్, ఎరుపు, ఊదా అని ఉంటుంది, అది తెల్ల చర్మం మీద చూసి పెట్టుకున్న కొలత. మన పిల్లల మచ్చల్లో పైన మెలనిన్, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థం, పేరుకుని గోధుమరంగుగా నల్లగా ఉంటుంది, ఆ నలుపు కింద ఎరుపు దాక్కుంటుంది. ఎరుపు లేదు కాబట్టి సెటిల్ అయింది అని ఆ క్లినిక్ వాళ్ళు అన్నది అక్కడే తప్పింది అనిపిస్తోంది నాకు.

ఇంట్లో మీరే చూడండి. పారదర్శకంగా ఉండే స్కూల్ స్కేల్ ఒకటి తీసుకుని మచ్చ మీద ఆనించి మెల్లగా నొక్కండి, నొప్పి పుట్టేలా కాదు. స్కేల్ కింద రంగు వెలిసిపోయినట్టు అవుతుంది, అది రక్తం పక్కకి జరగడం, మిగిలిన గోధుమరంగు ఉంది చూశారా అదే మెలనిన్. స్కేల్ తీసేయండి. రెండు మూడు సెకన్లు కూడా పట్టకుండా అంచుల నుంచి లోపలికి గబగబా రంగు నిండిపోతుంటే నాళాలు ఇంకా జోరుగా ఉన్నట్టే. ఎడమచేతి మీద అదే చోట కూడా నొక్కి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. దీన్ని బట్టి మీరే నిర్ణయం తీసుకోమని కాదు, డాక్టర్ గారికి ఏం చెప్పాలో తెలియడానికి.

గార్మెంట్ మాత్రం ఆపకండి అక్కా. స్నానానికి, మసాజ్‌కి తీసి మళ్ళీ వెంటనే వేసేయాలి, రోజుకి 23 గంటలు అనే చెప్తాం మేం.

---

పెర్త్_తెలుగోడు

నమస్తే అండి. నేను డాక్టర్‌ని కాదు, ఇంజనీర్‌ని, ఆప్టికల్ ఇమేజింగ్ మీద పనిచేస్తాను, ఉండేది పెర్త్‌లో. ఈ సబ్జెక్ట్‌కి ఈ ఊరు ఒక పుట్టిల్లు లాంటిది కాబట్టి రాయాలనిపించింది. 2002 బాలి బాంబు పేలుళ్ళలో కాలినవాళ్ళలో చాలామందిని ఇక్కడికి తెచ్చారు, ఫియోనా వుడ్ గారి టీమ్ చూసింది, చర్మకణాల్ని స్ప్రే చేసే పద్ధతితో ప్రపంచానికి తెలిసిన సర్జన్ ఆవిడ. ఆవిడతో కలిసి యూనివర్సిటీ ఆఫ్ వెస్ట్రన్ ఆస్ట్రేలియా ఇంజనీర్లు 2013లో కాలిన మచ్చల్ని ఓసీటీతో చూసి, లోపల రక్తనాళాలు ఎంత మేర ఉన్నాయో సాఫ్ట్‌వేర్‌తో లెక్కగట్టారు. మామూలు చర్మం కంటే ఉబ్బు మచ్చల్లో నాళాలు ఆక్రమించిన చోటు చాలా ఎక్కువ అని అంకెల్లో తేలింది.

మీ ప్రశ్నలకి వస్తాను. నొప్పి అస్సలు ఉండదు. ఎక్స్‌రే కాదు, చర్మానికి వాడేది 1300 నానోమీటర్ల దగ్గర ఉండే ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు, కంటికి కనపడదు, చాలా తక్కువ పవర్. మీ తమ్ముడు చెప్పింది కరెక్టే, మీ మామగారి కంటికి తీసినదానికి ఇది తోబుట్టువే. ఓసీటీ అంటే ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ, 1991లో మొదటిసారి అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ళు చూపించారు, కంటి డాక్టర్లు ముందు అందుకున్నారు, చర్మానికి తర్వాత వచ్చింది. కడుపులో బిడ్డని చూడడానికి అల్ట్రాసౌండ్‌లో శబ్దం పంపి వెనక్కొచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటారు కదా, ఇక్కడ శబ్దం బదులు వెలుతురు. వెలుతురు ఎంత లోతు నుంచి తిరిగొచ్చిందో దాన్ని బట్టి చర్మాన్ని పొరలు పొరలుగా గీసి చూపిస్తుంది. మిల్లీమీటర్‌లో వందో వంతు ఉండే వివరాలు కూడా తెలుస్తాయి. ఒకే చోట వెంటవెంటనే చాలా ఫ్రేమ్‌లు తీస్తారు, చర్మం కదలదు కాబట్టి ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ ఒకేలా ఉంటుంది, నాళాల్లో రక్తకణాలు పరిగెడతాయి కాబట్టి అక్కడ మాత్రం చుక్కలు మారిపోతుంటాయి. ఆ మారే చోట్లని ఏరితే నాళాల మ్యాప్ వచ్చేస్తుంది, ఏ మందూ ఎక్కించకుండానే. మొదటిసారి నేను స్క్రీన్ మీద చూసినప్పుడు మామూలు చర్మంలో సన్నటి దారపు పోగుల్లా ఉన్నాయి, పక్కనే మచ్చలో లావుగా మర్రి ఊడల్లా అల్లుకుని ఉన్నాయి. పైనుంచి చూస్తే ఆ మచ్చ వట్టి గోధుమరంగు, అంతే.

రంగు గురించి అడిగారు, చాలా మంచి ప్రశ్న. కరోనాలో అందరం వేలికి ఆక్సీమీటర్ పెట్టుకున్నాం గుర్తుందా, అది కూడా వెలుతురుతో కొలిచేదే. 2020లో అమెరికాలో ఒక స్టడీలో తేలిందేంటంటే ఆక్సిజన్ నిజంగా పడిపోయినా మీటర్ బాగానే ఉందని చూపించడం నల్లజాతి పేషెంట్లలో తెల్లవాళ్ళ కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జరిగింది. అందుకే ఏ లైట్ మెషీన్‌నైనా మన రంగు మీద ఎలా పనిచేస్తుందని అడిగి తీరాలి. మెలనిన్ కంటికి కనిపించే వెలుతుర్ని బాగా మింగేస్తుంది, ఇన్‌ఫ్రారెడ్ వైపు వెళ్ళేకొద్దీ మింగడం తగ్గుతుంది. 1300 దగ్గర చాలా తక్కువ, కాబట్టి ఓసీటీకి మన రంగు పెద్ద అడ్డు కాదు. కానీ ఎరుపుని కొలిచే చిన్న చిన్న మీటర్లు ఉంటాయి, పెన్ను సైజులో, చర్మానికి ఆనిస్తే మెలనిన్ ఇంత ఎరుపు ఇంత అని విడివిడిగా అంకెలిస్తాయి, అవి పచ్చ ఎరుపు వెలుతుర్లతో పనిచేస్తాయి కాబట్టి ముదురు చర్మం మీద ఎరుపు అంకె కొంచెం అటూఇటూ అవుతుంది. దానికి మందు ఏంటంటే రెండో చేతి మీద అదే చోట కూడా కొలిచి తేడా చూడడం. పైన ఫిజియో మేడమ్ ఎడమచేయి కూడా నొక్కి చూడమన్నారు చూడండి, మేం ల్యాబ్‌లో చేసేది కూడా సరిగ్గా అదే.

ఇప్పుడు లోటుపాట్లు కూడా చెప్పాలి, లేకపోతే మీకు అన్యాయం చేసినట్టు అవుతుంది. ఓసీటీ లోపలికి చూసేది ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోతే. ఉబ్బు మచ్చ అంతకంటే మందంగా ఉంటే అడుగు కనపడదు, మందం కొలవాలంటే మళ్ళీ అల్ట్రాసౌండే మేలు. ఒక్కసారికి చూసే చోటు కూడా చిటికెన వేలి గోరంత, మోచేతి దాకా ఉన్న మచ్చలో ఎక్కడ పెట్టి చూడాలో తెలిసిన మనిషి ఉండాలి. పాప చెయ్యి కదిపితే ఫోటో చెదిరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఇంత నాళాల సాంద్రత వస్తే గార్మెంట్ ఆపొచ్చు అని అందరూ ఒప్పుకున్న గీత ఇంకా లేదు. ఒక్కసారి తీసిన స్కాన్‌తో తేలేది తక్కువ, అదే చోట మూడు నెలలకోసారి తీస్తే తగ్గుతోందా పెరుగుతోందా అన్నది మాత్రం బాగా తెలుస్తుంది.

---

హన్మకొండ_పిల్ల

అక్కా నాకు 17 ఏళ్ళప్పుడు స్టవ్ మంట అంటుకుని మెడ, కుడి భుజం కాలింది. ఇప్పుడు 29. నాకు ఈ మెషీన్ల గురించి తెలీదు కానీ ఒక విషయం చెప్పాలి.

నా మచ్చని ఆ రెండేళ్ళలో ఎంతమంది చూశారో లెక్కలేదు. ఒకాయన బాగుంది అనేవారు, నెల తర్వాత ఇంకొకరు పెరిగిందే అనేవారు, నేను ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి ఏది నిజమో అర్థంకాక ఏడ్చేదాన్ని. ఎవ్వరూ ఫోటో తీసి పెట్టలేదు, పోయినసారి ఎలా ఉందో ఎవరికీ గుర్తులేదు. అందుకే అంకె అనేది ఒకటి ఉంటే బాగుండు అని మీరు అనుకోవడం నాకు బాగా అర్థమైంది. మెషీన్ దొరక్కపోతే కనీసం మీరు ఫోటోలు పెట్టండి.

దురద మాత్రం ఏ ఫోటోలోనూ పడదు అక్కా. నాకు బయటికి మచ్చ చక్కగా కనిపించే రోజుల్లో కూడా రాత్రి నిద్రలో గోకి గోకి దిండు గలీబు మీద రక్తం మరకలు ఉండేవి, డాక్టర్‌కి చెప్పుకోలేదు, మచ్చ గురించే కదా వచ్చింది అనుకున్నాను. పాపని అడిగి ప్రతివారం దురద పదికి ఎంత అని రాసుకోండి. ఆరేళ్ళ పిల్ల చెప్తుంది, నవ్వే బొమ్మ ఏడ్చే బొమ్మ గీసి చూపించినా చెప్తుంది.

---

ప్లాస్టిక్స్_పీజీ

మేడమ్, నేను ప్లాస్టిక్ సర్జరీలో పీజీ చేస్తున్నాను. రెండు మూడు విషయాలు కలిపి చెప్తాను, పొద్దున్నే ఓటీ ఉంది కాబట్టి గబగబా.

ముక్క కోసి టెస్ట్ చేయించాలా అన్న భయం వద్దు. ఉబ్బు మచ్చ వచ్చే చర్మాన్ని కోస్తే కోసినచోట ఇంకో మచ్చ వస్తుంది, అందుకే మచ్చ స్టేజ్ తెలుసుకోవడానికి మేం ఊరికే బయాప్సీ చేయం. ఈ లైట్ స్కాన్‌ల మీద అందరికీ ఆశ ఎందుకంటే అదే.

మీ తమ్ముడు చెప్పిన వాటిలో రెండు రకాలు కలిసిపోకుండా చూసుకోండి. లేజర్ డాప్లర్ అని ఒకటి ఉంది, అది కాలిన కొత్తలో వాడేది. రైలు దగ్గరికొస్తుంటే హారన్ ఒకలా, దాటిపోతుంటే ఇంకోలా వినపడుతుంది కదా, అలాగే కదిలే రక్తకణాల మీద పడిన లేజర్ వెలుతురు కొంచెం మారి తిరిగొస్తుంది. రక్తం బాగా పారుతున్నచోట ఎరుపు, పారనిచోట నీలం వచ్చేలా మ్యాప్ వేస్తుంది. ఎరుపు వచ్చిన చోటు రెండు వారాల్లో మానుతుంది, నీలం వచ్చిన చోటు మూడు వారాలకి కూడా మానదు కాబట్టి చర్మం వేయాలి అని ముందే తెలుస్తుంది. కాలిన 48 గంటల తర్వాత, 5 రోజుల్లోపు తీయాలి. బ్రిటన్‌లో ఏ వైద్యం వాడొచ్చో సలహాలిచ్చే నైస్ అనే సంస్థ 2011లోనే దీన్ని వాడమని సలహా ఇచ్చింది. మీ పాప విషయంలో ఆ టైమ్ దాటిపోయింది, ఇప్పుడు మీకు కావలసింది మానిన తర్వాత మచ్చని చూసేది. ఎవరైనా డాప్లర్ అని డబ్బులు అడిగితే దేనికోసమో అడగండి.

ఓసీటీ గురించి పెర్త్ అన్న చెప్పింది నిజం. మన దగ్గర మామూలు బర్న్స్ ఓపీలో మచ్చకి ఓసీటీ తీసే అలవాటు లేదు, ఎక్కువగా రీసెర్చ్‌లోనే. కంటి ఆసుపత్రిలో ఉన్న మెషీన్‌కి పాప చెయ్యి పెడితే రాదు, అది కంటి కోసం అమర్చింది. దాని కోసం ఊళ్ళు తిరగొద్దు. హై ఫ్రీక్వెన్సీ అల్ట్రాసౌండ్ మాత్రం చాలా రేడియాలజీ సెంటర్లలో ఉంది, మచ్చ మందం ఎంతో మిల్లీమీటర్లలో రాసివ్వమని మీ డాక్టర్ గారితో రాయించుకోండి. ఆరు నెలల తర్వాత మళ్ళీ అక్కడే తీయిస్తే పోల్చడానికి పనికొస్తుంది.

లేజర్ గురించి. లేజర్ చెడ్డది కాదు, యాక్టివ్‌గా ఉన్న మచ్చకి కూడా చేస్తారు, నాళాల మీద పనిచేసే లేజర్ వేరు, గట్టిపడిన మచ్చలో సన్న రంధ్రాలు పెట్టి మెత్తబరిచేది వేరు. ముదురు చర్మానికి సెట్టింగ్ జాగ్రత్తగా పెట్టకపోతే ఇంకా నల్లబడుతుంది. మచ్చ ఏ స్టేజ్‌లో ఉందో చూడకుండా ఆరు సిట్టింగ్‌లు అని ముందే లెక్క చెప్పడం నాకు నచ్చలేదు. గార్మెంట్ ఆపేయండి అనడం అసలు నచ్చలేదు. మోచేయి పూర్తిగా చాస్తుందా పాప? అది అన్నిటికంటే ముందు చూడండి, మచ్చ కీలు మీదకి లాగితే దానికి స్కాన్ కోసం ఆగరు.

---

పెర్త్_తెలుగోడు

పీజీ గారు బాగా చెప్పారు. ఫోటోల గురించి ఒక్క ముక్క కలుపుతాను, ఎందుకంటే ఫోటో కూడా ఆప్టికల్ ఇమేజింగే, సరిగ్గా తీస్తే దానికి చాలా విలువ ఉంది. ఒకే ఫోన్, ఒకే గది, పొద్దున ఒకే టైమ్, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ ఆపేసి, బ్యూటీ మోడ్ తీసేసి. మచ్చ పక్కన స్కేలూ, ఒక తెల్ల కాగితం ముక్కా పెట్టండి, తెలుపు ఉంటే రంగు తర్వాత సరిచేసుకోవచ్చు. స్నానం చేసిన వెంటనే, ఆడుకుని వచ్చిన వెంటనే తీయకండి, పావుగంట కూర్చోబెట్టి తీయండి, చర్మం వేడెక్కితే రక్తం పెరిగి రంగు మారిపోతుంది. చెయ్యి గుండె ఎత్తులో దిండు మీద పెట్టి తీయాలి, కిందికి వేలాడేస్తే ఊదాగా వస్తుంది. మచ్చ మీద నిగనిగ మెరుపు వచ్చి ఏమీ కనపడకపోతే కొంచెం పక్క నుంచి తీయండి. రెండో చెయ్యి కూడా అదే ఫ్రేమ్‌లో.

---

తెనాలి_అమ్మ

అందరికీ చేతులెత్తి దండం అండి. వారం ఆలస్యంగా రాస్తున్నాను. ఫిజియో చెల్లి చెప్పినట్టు స్కేల్ పెట్టి నొక్కాను, పాప ఏంటమ్మా మ్యాజిక్కా అంది. ఛాతీ మీద నొక్కితే పెద్ద తేడా లేదు. చేతి మీద అంచు దగ్గర నొక్కి వదిలితే ఒకటి రెండు అనేలోపే కందినట్టు రంగు వచ్చేసింది. 8 నెలల నుంచి రోజూ చూస్తున్న చెయ్యి, దాని లోపల ఇంత రక్తం ఆడుతోందని నాకు తెలీలేదు.

సోమవారం ఓపీకి వెళ్ళి ఇవన్నీ చెప్పాను, ఏడ్చినప్పుడు తీసిన ఫోటో కూడా చూపించాను. డాక్టర్ గారు గాజు స్లైడ్‌తో నొక్కి చూసి ఇందుకేనమ్మా నేను వద్దన్నది అన్నారు. అల్ట్రాసౌండ్ రాశారు, ఉబ్బిన చోట 4.1 మిల్లీమీటర్లు, ఎడమచేతి మీద అదే చోట 1.2 వచ్చింది. నవంబర్‌లో మళ్ళీ అక్కడే తీయమన్నారు. మోచేయి పూర్తిగా చాస్తోంది, చివర్లో కొంచెం పట్టేసినట్టు ఉంది అంటే రాత్రిపూట కట్టుకోవడానికి స్ప్లింట్ (చెయ్యి చాపి ఉంచే పట్టీ) ఇచ్చారు. లేజర్ మాట అప్పుడు చూద్దాం అన్నారు.

దురద పాప ఏడు అని చెప్పింది. దానికి సిరప్ రాశారు, నిన్న రాత్రి లేవలేదు.

ఒక్క డౌట్. గార్మెంట్ నవ్వారు పట్టీ లాగా సాగిపోయినట్టుంది, వేలు పెడితే సులువుగా దూరుతోంది. కొత్తది కుట్టించాలా, లోపలికి మడిచి కుడితే సరిపోతుందా?

---

బర్న్స్_ఫిజియో_వైజాగ్

మడిచి కుట్టొద్దు అక్కా, మడత దగ్గర ఒత్తిడి ఎక్కువై చర్మం ఒరుసుకుపోతుంది. రెండు మూడు నెలలకి సాగు పోవడం మామూలే, పైగా పాప పెరుగుతోంది కదా. కొత్తది కొలతలిచ్చి చేయించండి, రెండు చేయించుకుంటే ఒకటి ఉతికినప్పుడు ఇంకోటి. కొలతలు పొద్దున పూట ఇవ్వండి, చెయ్యి వాపు తక్కువ ఉంటుంది. కొత్తది వచ్చేదాకా పాతదే వేసి ఉంచండి, వదులుదైనా ఫర్వాలేదు.